ఫంక్షన్ అయ్యేదాకా చెప్పొద్దు

వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో మా అమ్మాయి వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో ఆ వసంతకాలమంతా ఒక అమెరికా ప్రెసిడెంటు పరువు రోజూ పోతూ ఉండేది. తీసేది మా మనవరాలు. ఎనిమిదో తరగతి చదువుతోంది. స్కూల్లో చరిత్ర పోటీ పెట్టారు. మూడు మడతల అట్ట బోర్డు మీద బొమ్మలూ కాగితాలూ అతికించి, జడ్జీల ముందు నిలబడి ఆ కథ చెప్పాలి, వాళ్ళు అడిగిన వాటికి జవాబివ్వాలి. తక్కిన పిల్లలు యుద్ధాలూ రైలుమార్గాలూ తీసుకుంటే ఇది ఏరికోరి వాటర్‌గేట్ దొంగతనం తీసుకుంది. ఆ దొంగతనం జరిగి ఆ ఏడాదికి నలభై ఏళ్ళు నిండుతున్నాయట. దొంగలు పట్టుబడిన భవనం కూడా ఎక్కడో లేదు, మేము వాషింగ్టన్ చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నది పక్కన కనిపించేదే.

ఇంట్లో దాని ఉపన్యాసం వినే తీరిక ఎవరికీ లేదు. అమ్మాయీ అల్లుడూ ఇద్దరికీ ఆష్‌బర్న్‌లో ఉద్యోగాలు. పొద్దున పోతే పొద్దుగూకే వేళకి వస్తారు, వచ్చాక మళ్ళీ ఫోన్లలో మీటింగులు. ఇక మిగిలింది నేను. గుంటూరు కలెక్టరేట్‌లో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. ఒకరు చెప్తుంటే నోరు మూసుకుని వినడం నాకు ఒంటికి పడదు. అయినా ఆ పిల్ల మడతకుర్చీ వేసి "నువ్వు జడ్జ్ అవ్వు అమ్మమ్మా" అంటే బుద్ధిగా కూర్చునేదాన్ని.

కథ నాకు బొత్తిగా కొత్తదేం కాదు. ఆ ప్రెసిడెంటు రాజీనామా చేసి హెలికాప్టరెక్కి వెళ్ళిపోయిన వార్త వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో చేరిన కొత్త. మా హెడ్‌క్లర్క్ పేపరు మడిచి బల్ల మీద పడేసి, నాలుగు టేపులు మాయం చేయడం చేతకాని వాడు అంత దేశాన్ని ఎట్లా ఏలాడయ్యా అన్నాడు. ఆఫీసంతా పగలబడి నవ్వాం. ఫైళ్ళు మాయం చేయడంలో మా సెక్షన్‌కి జిల్లాలో పేరుండేది. అసలక్కడ ఏం జరిగిందో నాకు మొదటినుంచీ విడమరిచి చెప్పింది మాత్రం ఈ పిల్లే.

ఎన్నికల ఏడాదిలో ఎదుటి పార్టీ ఆఫీసులోకి అయిదుగురు మనుషులు దొంగతనంగా దూరారు. తలుపు గడియ పడకుండా టేపు అతికించారు. కాపలావాడు చూసి పీకేశాడు. వాళ్ళు మళ్ళీ అతికించారు. రెండోసారి చూసి అతను పోలీసుల్ని పిలిచాడు. ఇక్కడ నేను ఆగలేక, ఒకసారి పీకేశాక మళ్ళీ అక్కడే అతికించారా, వీళ్ళ మొహాలు మండ, అన్నాను. జడ్జీలు అలా అనరని మనవరాలు కసిరింది. తర్వాతది ఇంకా వింత. ఆ ఎన్నికల్లో ఆ ప్రెసిడెంటు ఊడ్చిపారేశాడు. దొంగతనంతో పనే లేదు. అయినా తన మనుషులు చేసిన నిర్వాకం బయటికి రాకూడదని డబ్బిచ్చి నోళ్ళు మూయించారు, విచారణకి అడ్డం పడ్డారు, ఒక అబద్ధాన్ని కాయడానికి ఇంకో అబద్ధం చెప్పించారు. ఇద్దరు కుర్ర విలేఖర్లు కింది వాళ్ళని అడుగుతూ అడుగుతూ పైకి పోయారు. బోర్డు మీద మనవరాలు ఎర్ర కాగితంతో బాణాలు కత్తిరించి అంటించింది, అన్నీ పైకే పోయి ఒకే ఒక్క గది దగ్గర, ప్రెసిడెంటు గది దగ్గర, ఆగుతాయి. ఆ గదిలో మాటలన్నీ రికార్డయ్యేలా ఏర్పాటు చేసుకున్నది ఆయనే, ఆ టేపులే ఆయన కొంప ముంచాయి.

ఒక టేపులో మాత్రం పద్దెనిమిదిన్నర నిమిషాల పాటు మాటల్లేవు, బుర్రుమనే చప్పుడు తప్ప. ఫోన్ ఎత్తబోతూ పొరపాటున కాలు టేపు మెషీన్ పెడల్ మీద ఉంచేశానని, కొంత భాగం తనవల్లే చెరిగి ఉంటుందని ఆయన సెక్రటరీ చెప్పుకుందట. అదెలా జరిగిందో ఆవిడ చేసి చూపించిన ఫోటో బోర్డు మధ్యలో ఉంది. కాలు ఒకచోట, చెయ్యి ఎక్కడో వెనకాల. అది అసలు సాధ్యమా కాదా తేల్చాలని మనవరాలు నా చెప్పుని పెడల్ అంది, పింగ్‌పాంగ్ బల్ల చివర ఫోన్ పెట్టింది, నన్ను సాగమంది. సాగాను. నడుం పట్టేసింది. ఆ పూట అల్లుడి చేత నొప్పి తగ్గే పట్టీ తెప్పించుకోవాల్సి వచ్చింది.

నవ్వాను గానీ నాకక్కడ కాలు నిలిచేది కాదు. ధ్యాసంతా మా అక్క మీద.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. మా అమ్మ తొందరగా పోయింది, నాకు జడలు వేసిందీ, అన్నం కలిపి పెట్టిందీ, మొదటి ఓణీ చుట్టిందీ అక్కే. పెళ్ళయి తెనాలి వెళ్ళింది, నేను గుంటూరులో ఉండిపోయాను. గంట ప్రయాణమైనా, రెండు వారాలు చూసుకోకపోతే ఒకళ్ళనొకళ్ళం తిట్టుకునేవాళ్ళం. మా ఆయన పోయాక అయితే వారానికి రెండు రోజులు నేను అక్క ఇంట్లోనే. ఆ చలికాలం అక్కకి గుండె ఆపరేషన్ అయింది. సరిగ్గా అప్పుడే ఇక్కడ మనవరాలికి ఓణీల ఫంక్షన్ అనుకున్నారు. ఆ ఊళ్ళో మన తెలుగువాళ్ళు పెళ్ళికి తీసిపోకుండా చేస్తారు దాన్ని. హాలు, స్టేజీ, ఫోటోగ్రాఫరు, రెండొందల మందికి భోజనాలు. నేను రానన్నాను. అక్క ఊరుకోలేదు. నువ్వు వెళ్ళకపోతే నేను మందులు మింగనని మొండికేసింది. పిల్లకి లంగా ఓణీ తనే ఎంచింది. ఆపరేషన్ అయిన మనిషి షాపుకి పోకూడదంటే, షాపువాణ్ణే మూటలతో ఇంటికి పిలిపించుకుంది. వంగపండు రంగు పట్టు, మామిడిపిందెల అంచు.

సరే వెళ్తాను, కానీ ఒక్క షరతు అన్నాను. నీ ఒంట్లో ఏ కాస్త తేడా చేసినా అదే గంటలో నాకు తెలియాలి, నేను వచ్చేయాలి. అక్క నా చేతిలో చెయ్యి వేసింది. అక్క కొడుకు సరే పిన్నీ అన్నాడు. మా అమ్మాయి ఫోన్‌లో, ప్రామిస్ అమ్మా అంది. నాకు కావలసింది అంతే. ఏదన్నా జరిగితే అక్క పక్కన నేనుండాలి. తర్వాత వెళ్ళి ఫోటోకి దండ వేయడం నాకొద్దు.

వచ్చాక రెండు నెలలు బాగానే ఉంది. రోజు మార్చి రోజు కంప్యూటర్‌లో అక్క కనిపించేది. తను ఏం తిన్నదో చెప్పి, నేను ఏం తిన్నానో అడిగి, నా జుట్టు ఊడిపోతోందని తిట్టి పెట్టేసేది. ఫంక్షన్‌కి రెండు వారాలుందనగా అది ఆగిపోయింది. మొదట, అక్కడ నెట్ సరిగా రావట్లేదన్నారు. తర్వాత, పెద్దమ్మ పడుకుందట అన్నారు. ఆ తర్వాత, కొత్త మందు వేశారు, డాక్టరు ఎక్కువ మాట్లాడొద్దన్నాడట. నేను ఇంటి ఫోన్‌లో తెనాలికి చేద్దామని కాలింగ్ కార్డు అడిగితే, అది అయిపోయిందమ్మా, కొత్తది కొంటాను అంది అమ్మాయి. కొంటూనే ఉంది.

నేను పసిగుడ్డుని కాను కదా. ముప్పై ఆరేళ్ళు ఆఫీసులో పనిచేసినదాన్ని. ఒక ఫైలు గురించి అడగ్గానే ముగ్గురు మూడు రకాల జవాబులు చెప్పారంటే ఆ ఫైలు ఎవరి బీరువాలోనో ఉన్నట్టు. అమ్మాయి ఫోన్ మోగితే చాలు గరాజ్‌లోకి పోయేది. బట్టల మెషీన్ ఆడుతున్నప్పుడు పోయేది, మాట వినిపించకుండా. ఇక మా అల్లుడు. మంచివాడే, కానీ పెళ్ళయిన పదహారేళ్ళలో నాతో "అత్తయ్యా బాగున్నారా" కంటే పెద్ద వాక్యం మాట్లాడి ఎరగడు. అలాంటివాడు ఉన్నట్టుండి రోజూ సాయంత్రం నా పక్కన సోఫాలో కూలబడి, టీ పెట్టనా అత్తయ్యా, అల్లం వేయనా, రేపు గుడికి తీసుకెళ్ళనా అనడం మొదలుపెట్టాడు. ఆ టీ చల్లారిందాకా నేను అతని మొహమే చూస్తూ కూర్చునేదాన్ని.

అడిగితే, ఏం లేదమ్మా నీదంతా భ్రమ. గట్టిగా అడిగితే, ఫంక్షన్ పనులతో నేను చస్తుంటే నీ గోలేమిటి. ఇల్లంతా తిరిగేదాన్ని. కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తే అన్నీ ఒకేలాంటి ఇళ్ళు, ఒక్క మనిషి కనపడడు. ఇళ్ళ వెనకాల చెట్ల మధ్య నడకదారి ఉంది, ట్రెయిల్ అంటారు, దాని మీద నడవడానికి పోయేదాన్ని. అక్కడ నాలాగే పిల్లల దగ్గరికొచ్చిన వాళ్ళు సాయంత్రాలు కలుస్తారు. వరంగల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి నా గొడవ చెప్పుకుంటే, "మనకేం చెప్తరమ్మా, మనం చిన్నపిల్లలమని అనుకుంటున్నరు గదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కుని మళ్ళీ బయల్దేరాను.

ఆ రోజుల్లో బేస్‌మెంట్‌లోకి దిగినప్పుడల్లా ఆ బోర్డు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నోళ్ళు మూయించుట, దారి మళ్ళించుట, టేపులో ఖాళీ, పొరపాటున చెరిగిపోయె. అంతా మా ఇంట్లో జరుగుతున్నదే. ఆ ప్రెసిడెంటు కింద పనిచేసిన వాళ్ళయినా వీళ్ళకంటే తెలివిగా అబద్ధాలాడి ఉంటారు.

ఫంక్షన్ శనివారం. స్కూలు పోటీ గురువారం. బుధవారం రాత్రి భోజనాలయ్యాక మనవరాలు నన్ను చివరిసారి రిహార్సల్‌కి కిందికి పిలిచింది. పైన హాల్లో అమ్మాయీ అల్లుడూ నేల మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి ఇత్తడి కుంకుమభరిణెలు జాలీ సంచుల్లో వేస్తున్నారు. పిల్ల గడగడా చెప్పేసింది, ఎక్కడా తడబడలేదు. అయ్యాక జడ్జిగా నేను ప్రశ్న వేయాలి. వేశాను. ఇంతమంది కలిసి ఇన్నాళ్ళు దాచారు కదా, వాళ్ళలో ఒక్కరికైనా చెప్పేయాలని అనిపించలేదా?

అది నేను కావాలని అడగలేదు. ఒట్టు. ఆ పిల్ల నోట్లోంచి ఏదీ లాగకూడదని అప్పటికే అనుకున్నాను. దాన్ని వాళ్ళమ్మకీ నాకూ మధ్య నిలబెట్టడం నాకిష్టం లేదు. కథ వింటుంటే మనసులో తిరిగిన ప్రశ్న, అడిగేశాను, అంతే.

పిల్ల జవాబు మొదలుపెట్టింది. బర్గ్లరీ చిన్నది అమ్మమ్మా, కవరప్ పెద్దది, ఎందుకంటే, అని ఆగింది. కళ్ళు బోర్డు మీదే ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచేలోపు వచ్చి నా భుజంలో మొహం పెట్టేసింది.

"తెనాలి అమ్మమ్మ హాస్పిటల్‌లో ఉంది. చాలా డేస్ అయింది. నీకు చెప్పొద్దు అన్నారు, ఫంక్షన్ అయ్యేదాకా."

"బతికే ఉందా?"

"ఉంది. ఉంది అమ్మమ్మా, నేను ప్రామిస్."

ఆ మాట చాలు. దాని వీపు నిమిరి, కళ్ళు తుడిచి, మెట్లెక్కాను. నాతో పాటు అదీ ఎక్కింది. మోకాళ్ళ నొప్పని రోజూ ఒక్కో మెట్టూ ఎక్కేదాన్ని, ఆ పూట ఎలా పైకొచ్చానో నాకే తెలియదు. అమ్మాయి భరిణె చేతిలో పట్టుకుని తలెత్తి చూసింది. అక్క ఏ ఆసుపత్రిలో ఉంది అని అడిగాను. అది నాకు జవాబివ్వకుండా కూతురి వంక చూసింది.

"దాని వంక చూడకు. నా వంక చూడు" అన్నాను.

ఇక మొదలైంది. గుండెకి నీరు పట్టింది, గుంటూరులో చేర్చారు, డాక్టర్లు చూస్తున్నారు, కంగారేం లేదు. కంగారేం లేకపోతే దాచడమెందుకు? నీకు బీపీ అమ్మా, ఒక్కదానివే ఇరవై గంటలు ఆ ఏడుపుతో ఎలా వెళ్తావు, దారిలో నీకేమన్నా అయితే? హాల్ బుక్ చేశాం, రెండొందల మందిని పిలిచాం, పిల్ల ఫస్ట్ అండ్ లాస్ట్ ఫంక్షన్, అమ్మమ్మ లేకుండా ఎలా? నేనూ ఊరుకోలేదు. నా నోటికి ఏ మాట వస్తే ఆ మాట అన్నాను. నీ హాలూ నీ భరిణెలూ నువ్వూ అన్నాను. రేపు నా పక్కన ఎవరూ లేకుండా నేను పోతే నీకు తెలుస్తుంది అని కూడా అన్నాను, అది అనకుండా ఉండాల్సింది. అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు జాలి కలగలేదు, అప్పటికి.

ఎవరు చెప్పొద్దన్నారు అని నిలదీశాను. అమ్మాయి వాళ్ళాయన్ని చూసింది. ఆయన భరిణెల వంక చూసి, మాకు బావగారు చెప్పారత్తయ్యా అన్నాడు, అంటే అక్క కొడుకు. చెయ్యి ఫోను అన్నాను. అక్కడ తెల్లవారింది. వాడు ఎత్తాడు. వాణ్ణి చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పినదాన్ని, ఏమీ మిగల్చకుండా తిట్టాను. వాడు చివరిదాకా విన్నాడు.

"నాదేం లేదు పిన్నీ. అమ్మే ఒట్టేయించుకుంది. అంబులెన్స్‌లోనే ఒట్టేయించుకుంది. ఫంక్షన్ అయ్యేదాకా చెల్లికి చెప్పారంటే మీ ఎవరి మొహం చూడనంది."

నేను సోఫా అంచు మీద కూర్చున్నాను. మా మనవరాలి ఎర్ర బాణాలన్నీ పైకి పోయి ఆఖరికి ఆగింది మా అక్క మంచం దగ్గర. చేతిలో చెయ్యి వేసి మాటిచ్చిన మనిషే ఇదంతా నడిపింది. ఆక్సిజన్ పెట్టుకుని నడిపింది. నాకు కోపం రావాలి కదా. వచ్చింది కూడా. కోపంతో పాటే ఏడుపూ వచ్చింది.

అమ్మ లేచే ఉంది, ఇస్తున్నా పిన్నీ, అన్నాడు వాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టినట్టున్నాడు, ముందు ఊపిరి వినపడింది. ఒక్కో ఊపిరీ కష్టం మీద తీస్తోంది. నేనేం అనకముందే అక్క గొంతు.

"ఏమే. అయిందా ఫంక్షన్?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మంచం మీద పడున్న మనిషికి ఏ వారమో ఏ తేదీయో తెలియట్లేదు. తనకి తెలిసిందల్లా ఒక్కటే, ఫంక్షన్ అయ్యేదాకా నాకు చెప్పరని. నేను ఫోన్ చేశానంటే, నాకు తెలిసిందంటే, ఫంక్షన్ అయిపోయినట్టే. ఇంకా కాలేదక్కా అంటే ఏమవుతుంది? మాట తప్పాడని కొడుకు మీద విరుచుకుపడుతుంది. అది అయితేగానీ రావద్దని నాకు ఒట్టు పెడుతుంది. మా అక్క సంగతి నాకు తెలుసు, పెడుతుంది.

"అయింది అక్కా" అన్నాను.

అమ్మాయి ఏడుపాపి తలెత్తింది. మనవరాలు మెట్ల దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. అక్క ఒక్కొక్కటే అడిగింది, నేను చెప్తూ పోయాను. లంగా సరిపోయిందా అంటే, నడుం దగ్గర కాస్త వదులైతే కుచ్చిళ్ళు ఎక్కువ పెట్టామన్నాను. అప్పటికి ఆ లంగా పైన బీరువాలో కవరు కూడా విప్పకుండా వేలాడుతోంది. జడకుప్పెలు పెట్టారా, పెట్టాం. ఆ వంగపండు రంగు దాని ఒంటికి నప్పిందా, అందరూ దాన్నే చూశారక్కా, ఎక్కడ కొన్నారని అడిగారు, మా అక్క ఎంచిందని చెప్పాను. భోజనాలు సరిపోయాయా, మిగిలాయి. నువ్వు ఏడ్చావా? ఏడ్చానక్కా. అదొక్కటీ నిజమే, ఫోన్ తడిసిపోయింది.

అక్క ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"అయితే ఇంకేందే. వచ్చెయ్. నిన్ను చూడాలనుంది" అంది.

జన్మలో ఆ మాట అక్క నోట వినలేదు. చూడాలనుంటే, ఏం చచ్చావా ఇటు రాకుండా అని తిట్టే మనిషి. వస్తన్నా అన్నాను. వాడు ఫోన్ తీసుకున్నాడు.

మా అల్లుడు అప్పటికే లాప్‌టాప్ తెరిచి ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు. మాట్లాడకుండా నా టికెట్ మార్చే పనిలో పడ్డాడు, నా మందులు ఏవేవో అమ్మాయిని సైగతో అడిగాడు, వీల్‌చెయిర్ బుక్ చేశాడు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఆ రాత్రి వచ్చిందే. అమ్మాయి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఫంక్షన్ పోస్ట్‌పోన్ చేస్తానమ్మా, నువ్వు లేకుండా నేను చేయలేను అంది. నేను ససేమిరా ఒప్పుకోలేదు.

"శనివారం జరగాల్సిందే. జరిగిందని చెప్పేశాను" అన్నాను.

ఏడుస్తూనే నవ్వింది పిచ్చిది. నేను దాని తల మీద చెయ్యి వేశాను. ఎంతైనా అది నన్ను పోగొట్టుకోకూడదనే దాచింది, అక్క నా ముచ్చట చెడకూడదని దాచింది. అందరూ ప్రేమతోనే దాచారు. ఆ ప్రేమకి ఇంకో నాలుగు రోజులు గడువిచ్చి ఉంటే అక్క దగ్గర నాకు దక్కిన రోజుల్లో సగం పోయేవి.

గురువారం సాయంత్రం విమానం. మనవరాలు పోటీ అయిపోయి స్కూలు నుంచి తిన్నగా ఎయిర్‌పోర్టుకే వచ్చింది. బహుమతేమీ రాలేదట, ఎవరో విమానాలు కనిపెట్టిన అన్నదమ్ముల గురించి చెప్పి గెలిచారట. జడ్జీలు ఏమడిగారే అన్నాను. దాచడం ఎప్పుడైనా రైట్ అవుతుందా అని అడిగారు, తెలీదని చెప్పాను అంది. తర్వాత నా బ్యాగు జిప్పు లాగుతూ, పైకి చూడకుండా, "నువ్వు కూడా కవరప్ చేశావు కదా అమ్మమ్మా" అంది. అవును చేశాను అన్నాను. ఎందుకు చేశావని అది అడగలేదు, నేనూ చెప్పలేదు. దానికి తెలుసు, మెట్ల దగ్గర నిలబడి అంతా వింది కదా. అమ్మాయి నన్ను పట్టుకుని, ఇంకెప్పుడూ ఏదీ దాచనమ్మా అంది. దాస్తావులే, నేనూ దాస్తాను, పద, అని వీల్‌చెయిర్‌లో కూర్చున్నాను.

ఆ ఇరవై గంటలూ ఎలా గడిచాయో చెప్పలేను. పెట్టింది తినలేదు, సీట్లో కుదురుగా కూర్చోలేదు. పక్కన కూర్చున్న పంజాబీ ఆవిడ పాపం నా కాలు పట్టేసిందనుకుని దారంతా నూనె రాస్తానని వెంటపడింది. హైదరాబాదులో దిగి కారులో తిన్నగా గుంటూరు ఆసుపత్రికి పోయాను, స్నానం కూడా లేదు. తలుపు తీస్తే అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. సగానికి సగమైంది. నన్ను చూసి, మొహం అలా పీక్కుపోయిందేందే, ఆ దేశంలో నీకు కూడు పెట్టలేదా అంది. మంచం పక్కన కూలబడి దాని చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఏడవనిచ్చింది.

కాస్త తేరుకున్నాక ఫోటోలేవి అంది. ఫోటోగ్రాఫరు ఇంకా ఇవ్వలేదక్కా, రెండు రోజుల్లో పంపుతానన్నాడని చెప్పాను. అక్కడ మా వాళ్ళు అప్పుడే హాలుకి పూలు కడుతూ ఉంటారు.

అక్క ఆ తర్వాత ఇంకో వారం ఉంది. ఆ వారమంతా నేను పక్కనే ఉన్నాను, ఆఖరి నిమిషం దాకా ఉన్నాను. నేను కోరుకున్నది నాకు దక్కింది.

నేను వెళ్ళిన మర్నాడు, ఆదివారం పొద్దున, అక్క కొడుకు ఫోన్‌కి ఫోటోలు వచ్చాయి. అక్క కళ్ళజోడు పెట్టించుకుంది, దిండ్లు ఎత్తు చేయించుకుంది. నేను ఫోన్ పట్టుకుంటే ఒక్కొక్కటే చూసింది. లంగా ఓణీలో పిల్ల స్టేజీ మీద కూర్చున్నది. అమ్మాయి హారతిస్తున్నది. అల్లుడు పట్టుపంచెలో ఇబ్బందిగా నిలబడ్డది. పిల్ల పక్కన పెద్దవాళ్ళంతా వరసగా వచ్చి అక్షింతలు వేస్తున్నవి. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటినుంచీ చూపించమంది. ఈసారి నెమ్మదిగా, ప్రతి ఫోటోలో మూలమూలలా వెతికినట్టు చూసింది.

"ఒక్కదాంట్లోనూ నువ్వు లేవేందే?"

వాళ్ళబ్బాయి కిటికీ వైపు తిరిగిపోయాడు.

"తీసింది నేనేగా అక్కా" అన్నాను.

ఫోటోగ్రాఫరు తీశాడని ముందురోజు చెప్పింది నేనే, పైగా నాకు కెమెరా ఎటువైపు తిప్పి పట్టుకోవాలో కూడా తెలియదని అక్కకి తెలుసు. కళ్ళజోడు తీసి, నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నా చెయ్యి లాక్కుని తన గుండెల మీద పెట్టుకుంది.

"బాగా తీశావే" అంది.